వేలం పాట ఆగినా లెక్క ఆగదు

షాబాన్ నెలలో ఒక శుక్రవారం. జుమా నమాజు ముగిసి జనమంతా వెళ్ళిపోయారు. మా కల్లూరు మసీదులో ఒక పెద్దాయన మాత్రం స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయారు. ఆ రోజు ఖుత్బాలో నేను తూనికలు, కొలతల గురించి మాట్లాడాను. సూరె ముతఫ్ఫిఫీన్ ఎవరిని హెచ్చరిస్తూ మొదలవుతుందో వివరించాను. దగ్గరకు వెళ్ళి సలాం చేయగానే ఆయన నన్ను అడిగిన మాట ఇది:

"మౌలానా, మీరు తక్కెడ గురించి చెప్పినారు. నేను ఎన్నడూ తక్కెడ పట్టలేదు. నాది నోటి పని. నోటికి కూడా లెక్క ఉంటుందా?"

ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక వ్యవసాయ మార్కెట్లో వేలం పాట పాడిన మనిషి. ఏ మార్కెట్టు, ఏ మండీ అన్నది ఇక్కడ అవసరం లేదు. కమీషన్ మండీలో గుమాస్తాగా చేరి, గొంతు బాగుందని పాటకు నిలబడ్డారు. తెల్లవారకముందే రైతులు ఉల్లిగడ్డలు తెచ్చి కుప్పలు పోస్తారు. వ్యాపారులు ఒక్కో కుప్ప దగ్గరకు గుంపుగా వస్తారు. ఈయన ధర ఎత్తుకుంటారు. ఒకరు పాడితే ఇంకొకరు పది రూపాయలు పైకి పాడతారు. ఇక ఎవరూ పాడరనుకున్నప్పుడు "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని కొట్టేస్తారు. నాలుగు నెలల సేద్యానికి ఆ ఒక్క నిమిషంలో వెల తేలిపోతుంది.

ఆయన ఉన్న మార్కెట్లో ఇప్పుడు ఆ పాట ఆగిపోయింది. వ్యాపారులు కంప్యూటరులోనో ఫోనులోనో ధర వేస్తున్నారు. "యార్డులో ఇప్పుడు పిచ్చుక అరిచినా వినపడుతుంది మౌలానా. ఈ నోటితోనే నలుగురు పిల్లల్ని సాకినా. మా కూడు తీసేసినారు. ఇది జుల్మ్ కాదా?" అని అడిగారు.

ఆ రోజు ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. నోటికి లెక్క ఉంటుందా అన్నది మొదటిది. నోటి పని తీసేయడం అన్యాయం కాదా అన్నది రెండోది. ఈ రెండూ ఒక్క మనిషి ప్రశ్నలు కావు. కొనేవారు, అమ్మేవారు, మధ్యవర్తులు అందరూ ఆలోచించవలసినవి. అందుకే ఆయన అనుమతితో, పేరు చెప్పకుండా, ఇక్కడ రాస్తున్నాను.

మూగబోతున్న బజార్లు

మొదట ఒక సంగతి గమనించాలి. ఈ మార్పు ఒక్క మన జిల్లాకు వచ్చింది కాదు. అమెరికాలోని చికాగో నగరంలో 1848లో ధాన్యం వర్తకుల ఎక్స్ఛేంజీ మొదలైంది. మెట్లు మెట్లుగా కట్టిన గుంతల్లాంటి వేదికల్లో వందలమంది రంగురంగుల కోట్లు వేసుకుని నిలబడి గోధుమలకు, మొక్కజొన్నకు కేకలు వేసి ధర కట్టేవారు. గోలలో మాట వినపడకపోతే చేతి సైగ చేసేవారు. అరచెయ్యి తనవైపు తిప్పితే కొంటానని, అవతలివైపు తిప్పితే అమ్ముతానని అర్థం. ఆ వేదికల్లో చాలావాటిని 2015 జూలైలో మూసేశారు.

మన దేశంలో 1875లో స్థాపితమైన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా ఇలాంటి కేకల వ్యాపారమే నడిచేది. 1994లో వచ్చిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ అసలు అరుపుల వేదికే లేకుండా కంప్యూటర్లతో మొదలైంది. మరుసటి ఏడాది 1995లో బొంబాయి ఎక్స్ఛేంజీ కూడా కంప్యూటరుకు మారింది. 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజీ 2007లో గుర్తింపునే కోల్పోయింది. వ్యవసాయ మార్కెట్ల వంతు ఆ తర్వాత వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ఈ-నామ్ పద్ధతిని ప్రారంభించింది. తర్వాత కర్నూలు, ఆదోని యార్డులు కూడా అందులో చేరాయి. ఈ పద్ధతిలో సరుకు గేటు దగ్గర నమోదవుతుంది, లాటు నంబరు పడుతుంది, నాణ్యత చూస్తారు, వ్యాపారులు ఎవరికి వారు ధర వేస్తారు. ధర నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. నచ్చితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి.

ఇక ఈ మాటల సంగతి చూడండి. తెలుగులో 'వేలం' అంటాం, ఉర్దూలో 'నీలామ్' అంటాం. రెండూ పోర్చుగీసు వర్తకుల 'లైలావ్' అనే మాట నుంచి వచ్చాయి. ఆ పోర్చుగీసు మాటకు మూలం అరబీలోని 'ఇఅలామ్' అని నిఘంటుకారులు చెబుతారు. ఇఅలామ్ అంటే చాటి చెప్పడం, నలుగురికీ తెలియజేయడం. అలాగే మనం ఈసడింపుగా వాడే 'దళారీ' కూడా అరబీ 'దల్లాల్' నుంచి వచ్చిందే. దల్లాల్ అంటే దారి చూపేవాడు. మేము మదర్సాలో రోజూ వల్లించే 'దలీల్' (ఆధారం) కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. వేలం అంటే దాచకుండా చాటడం. దళారీ అంటే దారి తెలియనివాడికి దారి చూపడం. ఈ అర్థాలను గుర్తుంచుకుంటే, మన బజార్లలో ఆ పేర్లతో నిజంగా ఏం జరిగిందో తూచడానికి ఒక తక్కెడ దొరుకుతుంది.

దైవప్రవక్త (స) చేసిన వేలం

కొందరు సోదరులు వేలం పాటే ధర్మసమ్మతం కాదని పొరబడుతుంటారు. ఒకరి బేరం మీద ఇంకొకరు బేరం చేయకూడదని హదీసుల్లో నిషేధం ఉంది కదా అంటారు. ధర్మవేత్తలు దీనికి చక్కని వివరణ ఇచ్చారు. అమ్మేవాడు, కొనేవాడు ఒక ధరకు ఒప్పుకున్న తర్వాత మధ్యలో దూరి చెడగొట్టడం నిషిద్ధం. వేలంలో అమ్మేవాడు ఇంకా ఒప్పుకోలేదు, ఎవరైనా రండని పిలుస్తున్నాడు. కనుక అక్కడ ధర పెంచడం ఎవరి హక్కునూ కాజేయడం కాదు.

దీనికి దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా ఆదర్శం చూపారు. తిర్మిజీ, అబూదావూద్ తదితర గ్రంథాల్లో హజ్రత్ అనస్ (రజి) ద్వారా ఆ సంఘటన మనకు చేరింది. అన్సారులలో ఒక పేదవాడు సహాయం అర్థిస్తూ వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన (స) అడిగారు. సగం కప్పుకుని సగం పరచుకునే ముతక గుడ్డ ఒకటి, నీళ్ళు తాగే గిన్నె ఒకటి ఉన్నాయని చెప్పాడు. వాటిని తెప్పించి, తమ చేతిలోకి తీసుకుని, వీటిని ఎవరు కొంటారని సహాబాలను అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడు మార్లు అడిగారు. మరొకరు రెండు దిర్హమ్‌లకు తీసుకున్నారు. ఆ రెండు దిర్హమ్‌లనూ ఆ పేదవాడి చేతిలో పెట్టి, ఒకదానితో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ స్వహస్తాలతో కర్ర బిగించి, అడవికి పోయి కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తర్వాత అతను పది దిర్హమ్‌ల సంపాదనతో వచ్చాడు.

ఈ సంఘటనను మనం ఎక్కువగా కష్టార్జితం గొప్పతనం చెప్పడానికి వాడుకుంటాం. ఈసారి దానిని వేలం పాట వైపు నుంచి చూద్దాం. మొదటి ధర పలికాక ఆయన (స) ఆగిపోలేదు. రెండు మూడు మార్లు అడిగారు. ఎవరి కోసం? సరుకు గలవాడి కోసం. ఆ పేదవాడి గిన్నెకు ఇంకొక దిర్హమ్ వచ్చే వీలు ఉందేమోనని అవకాశమిచ్చారు. వేలంలో ఆ 'మళ్ళీ అడగడమే' అమానతు. ఆ రెండో దిర్హమే గొడ్డలి అయింది, ఆ గొడ్డలే ఒక కుటుంబానికి జీవనాధారమయింది.

ఇంకొక విషయం కూడా ఉంది. దైవప్రవక్త (స) గుణగణాలు తౌరాత్‌లో ఎలా ఉన్నాయో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) వివరిస్తూ, ఆయన బజార్లలో కేకలు వేసేవారు కాదని తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అంటే ఆయన (స) వేలం వేశారు గానీ బజారు గోలకు బానిస కాలేదు. స్వరం ఎత్తడం దానికదే పుణ్యమూ కాదు, పాపమూ కాదు. ఆ స్వరం ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేసింది అన్నదే ప్రశ్న.

రెండోసారికీ మూడోసారికీ మధ్య

ఈ హదీసును నేను ఆ పెద్దాయనకు వినిపించాను. విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చారు. ఈసారి కూడు పోయిందన్న మాట ఎత్తలేదు.

"మౌలానా, ఆయన (స) మళ్ళీ మళ్ళీ అడిగినారని చెప్పినారు కదా. నేను అడగలేదు" అన్నారు.

విషయం ఏమిటంటే, కొన్ని రోజుల్లో నలుగురైదుగురు వ్యాపారులు ముందే మాట్లాడుకుని వచ్చేవారట. ఈ కుప్ప నీది, ఆ కుప్ప నాది, ఇంతకు మించి ఎవరూ పాడొద్దు అని. ఆ ధర పడగానే ఈయన "ఒకటోసారి" అని నిదానంగా అనేవారు. "రెండోసారి"ని, "మూడోసారి"ని ఒకే ఊపిరిలో అనేసేవారు. కొత్తగా వచ్చిన వ్యాపారి ఎవరైనా నోరు తెరిచేలోగా పాట కొట్టేసేవారు. "అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు మౌలానా. మూడుసార్లు అన్నాను. తొందరగా అన్నాను, అంతే" అన్నారు. పండుగకు ఆ వ్యాపారులు బట్టలు పెట్టేవారు, చేతిలో కొంత డబ్బు పెట్టేవారు.

సోదరులారా! పాపం ఎంత సన్నగా ఉంటుందో చూడండి. తక్కెడలో రాయి లేదు. చీటీలో అంకె మార్చలేదు. రెండు మాటల మధ్య ఉండవలసిన విరామాన్ని తీసేశారు. రైతుకు రావలసిన ఆ రెండో దిర్హమ్ ఆ విరామంలోనే ఉంది. మనిషి నోట వెలువడే ప్రతి మాటనూ రాసే దైవదూత సిద్ధంగా ఉంటాడని సూరె ఖాఫ్ మనకు తెలియజేస్తుంది. మాటను రాసేవాడు దాని తొందరను, దాని వెనుక సంకల్పాన్ని రాయకుండా వదిలేస్తాడా? కర్మలన్నీ సంకల్పాలను బట్టే అన్న సూత్రం మనకు తెలిసిందే.

ఫిఖహ్ శాస్త్రంలో ఈ తప్పుకు దగ్గరి మాట 'నజష్'. కొనే ఉద్దేశం లేకుండా, కేవలం ఎదుటివాడిని రెచ్చగొట్టడానికి ధర పెంచడం నజష్. దానిని దైవప్రవక్త (స) నిషేధించారు. అది కొనేవాడిని ముంచే మోసం. ఇక్కడ జరిగింది దానికి తిరగేసినది, అమ్మేవాడిని ముంచేది. పైగా కమీషన్ మండీ అంటే రైతు తరఫున సరుకు అమ్మిపెట్టే వకీలు. ఆ వకీలు గుమాస్తా అవతలి పక్షానికి పని చేస్తే అది మోసం మాత్రమే కాదు, అమానతులో ఖియానతు కూడా.

ఊరికి సరుకు తెచ్చే పల్లెవాసుల విషయంలో దైవప్రవక్త (స) ఎన్ని జాగ్రత్తలు చెప్పారో చూడండి. సరుకు తెస్తున్న బిడారులకు ఎదురేగి, వారికి బజారు ధర తెలియకముందే కొనేయడాన్ని నిషేధించారు. పట్టణవాసి పల్లెవాసి తరఫున అమ్మకూడదన్న హదీసుకు, అతనికి దళారీగా ఉండకూడదని అర్థమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. తెలిసినవాడు తెలియనివాడి అమాయకత్వాన్ని తన పెట్టుబడిగా చేసుకోకూడదన్నది వీటి నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం.

దీనికి పూర్తి ఎదురుగా నిలిచే ఉదాహరణ హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి)ది. ప్రతి ముస్లిం శ్రేయస్సు కోరతానని ఆయన దైవప్రవక్త (స) చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశారు. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హమ్‌లకు బేరమాడి తెచ్చాడు. అది అంతకంటే ఎక్కువ విలువైనదని చూడగానే ఆయనకు తెలిసింది. అమ్మేవాడితో ఇది నాలుగు వందలు చేస్తుంది కదా అన్నారు. తర్వాత ఐదు వందలు అన్నారు. అలా తానే పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలకు కొన్నారు. కొనేవాడే అమ్మేవాడి కోసం పాట పెంచిన వేలం అది!

మౌనం సమ్మతమవుతుందా?

ఈ విషయాన్ని నేను మా ఉస్తాదులతో సంప్రదించి ఆయనకు మార్గం చెప్పాను. అల్లాహ్ హక్కుల్లో జరిగిన లోపానికి మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడాలి, మళ్ళీ ఆ దరికి పోకూడదు. దాసుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్) అయితే దానితో తీరదు. హక్కుదారుడికి చెప్పుకుని చెల్లించాలి లేదా మన్నింపు పొందాలి. అతను చనిపోయి ఉంటే వారసులకు చెప్పుకోవాలి. ఎవరో ఎంత వెదికినా తెలియకపోతే, తనకు పుణ్యం ఆశించకుండా, ఆ హక్కుదారుల తరఫున పేదలకు దానం చేయాలి. ఎంతో కచ్చితంగా తెలియకపోతే, మనసుకు గట్టిగా తోచిన అంచనాకు తక్కువ కాకుండా ఇవ్వాలి. తప్పుకు ప్రతిఫలంగా పుచ్చుకున్న డబ్బును కూడా అలాగే వదిలించుకోవాలి. దీనార్లు, దిర్హమ్‌లు పనికిరాని రోజు రాకముందే సోదరుడి హక్కు తీర్చుకోమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రోజు చెల్లింపు పుణ్యకార్యాలతో జరుగుతుంది. అవి అయిపోతే అవతలివారి పాపాలు మన నెత్తిన పడతాయి. నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకుని వచ్చి కూడా దివాలా తీసే మనిషి గురించి సహీహ్ ముస్లింలోని హదీసు చెప్పేది ఇదే.

ఆయనకు కొందరు రైతుల ఊళ్ళు గుర్తున్నాయి. రంజాన్ రాకముందే బస్సెక్కి కోడుమూరు వైపు, గూడూరు వైపు పల్లెలకు వెళ్ళారు. ఇద్దరు చనిపోయారు. వారి కొడుకులకు విషయం చెప్పుకున్నారు. మూడో రైతు సజీవంగా ఉన్నాడు. ముస్లిం కాదు. టీ తెప్పించి, అంతా విని, నవ్వాడట. అతను అన్న మాటను పెద్దాయన నాకు వచ్చి చెప్పారు:

"నాకు ఆ పొద్దే తెల్సు భాయ్, నువ్వు తొందరగా కొట్టేస్తాండావని. బాడుగ ఇచ్చి తెచ్చినాం. మళ్ళీ ఎత్తుకపోతే ఇంకో బాడుగ. ఇంటికి పోతే గడ్డ కుళ్ళిపోతాది. ఇంగేం చేసేది? ఊరకుంటిమి."

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు. దివ్యఖుర్ఆన్ సూరె నిసాలో ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినవద్దని చెప్పి, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని అనుమతించింది. మనం ఆ అంగీకారాన్ని చాలా తేలిగ్గా తీసుకుంటాం. అతను వద్దనలేదు కదా, చీటీ తీసుకున్నాడు కదా, అదే అంగీకారం అనుకుంటాం. ఫిఖహ్ ప్రకారం ఆ క్రయం చెల్లవచ్చు. కానీ చెల్లడం వేరు, శుద్ధంగా ఉండడం వేరు. కాజీ ముందు చెల్లిన బేరం అల్లాహ్ ముందు నిలుస్తుందన్న భరోసా లేదు. తీర్పు తన వైపు వచ్చినంత మాత్రాన సోదరుడి హక్కును తీసుకోవద్దని, అది అగ్నిఖండమని దైవప్రవక్త (స) తమ తీర్పుల గురించే హెచ్చరించారు కదా!

అమ్మక తప్పని స్థితిలో ఉన్నవాడి మౌనం, అమ్మాలని ఇష్టపడినవాడి మౌనం బయటికి ఒకేలా ఉంటాయి. రెండింటి మధ్య తేడా కొనేవాడికి బాగా తెలుసు. తెలిసి కూడా తెలియనట్లు నటించడమే అతని తప్పు. 2025లో మన కర్నూలు ఉల్లి రైతుకు ధర పడిపోయి, ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయల చొప్పున కొనవలసి వచ్చింది. నిలవ ఉండని సరుకు పండించేవాడి అగత్యం ఎంతటిదో దానిని బట్టి గ్రహించవచ్చు. ధర పడిపోవడం ఒకరి తప్పు కాకపోవచ్చు. పడిపోయినవాడి మెడ మీద కాలు పెట్టడం మాత్రం పెట్టినవాడి తప్పే.

యంత్రానికి తౌబా లేదు

మరి నోటి పాట పోయి కంప్యూటరు వచ్చింది కదా, ఈ పాపాలు పోయినట్లేనా?

కంప్యూటరు ద్వారా బేరం చెల్లుతుందా అన్న సందేహం ముందే తీరింది. 1990లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తంతి, కంప్యూటరు వంటి సాధనాల ద్వారా జరిగే ఒప్పందాల మీద చర్చించి, ప్రతిపాదన, అంగీకారం (ఈజాబ్, ఖబూల్) స్పష్టంగా ఉంటే అవి చెల్లుతాయని తీర్మానించింది. పైగా ఈ పద్ధతిలో కొన్ని మేళ్ళు ఉన్నాయి. ధర రాతలో ఉంటుంది. దూరపు వ్యాపారి కూడా వేయవచ్చు. "మూడోసారి" అని తొందరపడే నోరు ఉండదు. రైతుకు మేలు జరిగినంత వరకు దీనిని మనం స్వాగతించాలి.

అయితే యంత్రం నోటిని తీసేసింది గానీ మనసును తీసేయలేదు. నలుగురు వ్యాపారులు టీ అంగడి దగ్గర కూర్చుని ఎవరెంత వేయాలో మాట్లాడుకుని, నలుగురూ తలా ఒక ఫోనులో వేస్తే యంత్రం ఏం చేస్తుంది? పెద్ద దేశాల సంగతే చూడండి. అక్కడి కంప్యూటరు మార్కెట్లలో కొనే ఉద్దేశం లేకుండానే వేలకొద్దీ ఆర్డర్లు వేసి, ధర కదలగానే వాటిని రద్దు చేసే మోసం ఎంతగా పెరిగిందంటే, 2010లో అమెరికా దానిని ప్రత్యేకంగా నిషేధిస్తూ చట్టం చేసింది. అది పధ్నాలుగు శతాబ్దాల క్రితం నిషేధించిన నజష్ కాక మరేమిటి? అప్పుడు గొంతుతో చేసేవారు, ఇప్పుడు వేలితో చేస్తున్నారు.

ఇంకొక నష్టం కూడా ఉంది. నోటి పాటలో ఎన్ని లోపాలున్నా, ధర పలికినవాడి ముఖం నలుగురికీ కనిపించేది. రైతు అతని కళ్ళలోకి చూసేవాడు. మరీ అన్యాయంగా పాడితే పక్కవాడు ఛీ అనేవాడు. ఆ సిగ్గు (హయా) కొందరినైనా ఆపేది. సిగ్గు ఈమాన్‌లో ఒక శాఖ అని హదీసు. ఫోనులో అంకె వేసేవాడికి రైతు ముఖం కనిపించదు, రైతుకు అతని పేరు కూడా తెలియకపోవచ్చు. ఎవరూ చూడనప్పుడు మనం ఏమిటో అదే మన అసలు ధార్మికత. ఎవరూ చూడని వ్యాపారం వచ్చిందంటే, ఇహ్సాన్‌కు పరీక్ష బజారులోకి వచ్చిందని అర్థం. మనం అల్లాహ్‌ను చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడన్న స్పృహతో ఆరాధించడమే ఇహ్సాన్ అని మన పిల్లలకు మదర్సాలో నేర్పుతాం. ఆ పాఠం నమాజు చాప మీద ఎంత అవసరమో, ధర వేసే ఫోను మీద కూడా అంతే అవసరం.

యంత్రం తప్పు చేస్తే సరిచేయవచ్చు. యంత్రానికి పాపం లేదు, తౌబా కూడా లేదు. అందుకే 'కంప్యూటరే వేసింది, నాదేం లేదు' అన్న సాకు ప్రళయదినాన చెల్లదు. వేలు ఎవరిదో ఆ వేలే సాక్ష్యమిస్తుంది. ఆ రోజు నోళ్ళకు ముద్ర పడుతుందని, చేతులు మాట్లాడతాయని సూరె యాసీన్ చెబుతోంది. దానిని మనం చనిపోయినవారి దగ్గర చదవడానికే పరిమితం చేసుకున్నాం. బతికినవారు వ్యాపారానికి వెళ్ళేముందు చదువుకోవలసిన సూరా అది.

పని పోయినవారి సంగతి

ఇక పెద్దాయన అడిగిన రెండో ప్రశ్న మిగిలింది. పాట పాడేవారి పని పోవడం జుల్మ్ కాదా?

నిదానంగా ఆలోచిస్తే దీనికి రెండు ముఖాలున్నాయి. ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్. ఒకే రకమైన పని చిరకాలం ఉండాలన్న హక్కు ఎవరికీ లేదు. రైతుకు న్యాయమైన ధర దొరకడం కోసం ఒక పద్ధతి మారితే, పాత పద్ధతిలో బతికినవారు దానిని అడ్డుకోవడం ధర్మం కాదు. రైతు నష్టమే తన జీతంగా మారిన చోట అయితే అది అసలు ఉపాధే కాదు.

కానీ రెండో ముఖాన్ని మరిచిపోతే మనమూ అన్యాయం చేసినవారమవుతాం. పాటగాళ్ళందరూ మోసగాళ్ళు కారు. ఎందరో గొంతు పోయేలా అరిచి రైతుకు పది రూపాయలు ఎక్కువ తెచ్చిపెట్టినవారు ఉన్నారు. చికాగోలో, బొంబాయిలో గొంతే పెట్టుబడిగా బతికినవారికి నడివయసులో ఆ గొంతు పనికిరానిదైంది. మన యార్డుల్లో గుమాస్తాలు, చీటీలు రాసేవారు కూడా అదే బాటలో ఉన్నారు. వీరిలో మన ఇళ్ళవారు ఎందరో ఉన్నారు. కొత్త పద్ధతితో లాభపడే వ్యాపారులు, మండీ యజమానులు ముప్ఫై ఏళ్ళు సేవ చేసిన మనిషిని ఒక్క రోజులో పంపేస్తే దానిని ఇహ్సాన్ అనలేం. దైవప్రవక్త (స) ఆ అన్సారీ సోదరుడిని ఉత్త చేతులతో అడగడం మానుకోమని చెప్పి ఊరుకోలేదు. గొడ్డలికి కర్ర బిగించి ఇచ్చారు. పని చేసుకోమని చెప్పడం సులభం. కర్ర బిగించి ఇవ్వడం సున్నత్. జకాత్, సదఖాలు పంచే మన మసీదు కమిటీలు ఈ తేడా గుర్తించాలి. యాభై ఏళ్ళవాడికి బియ్యం సంచీ ఇవ్వడంతో బాధ్యత తీరదు, అతను చేయగలిగిన పని చూపించాలి.

వ్యాపారుల గురించి ఒక హదీసుతో ఈ విషయం ముగిస్తాను. హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖనం ప్రకారం, మదీనా బజారులో క్రయవిక్రయాలు చేసేవారిని 'సమాసిరా' అనేవారు, అంటే దళారులు. దైవప్రవక్త (స) వారి దగ్గరకు వచ్చి అంతకంటే మంచి పేరుతో 'వర్తకులారా' అని పిలిచారు. బేరంలో వ్యర్థపు మాటలు, ఒట్లు దొర్లుతుంటాయి గనుక దానికి దానధర్మాలను కలపమని ఉపదేశించారు. ముందు గౌరవమైన పేరు ఇచ్చారు, తర్వాత దానికి తగ్గట్టు బతికే దారి చూపారు. దళారులను తిట్టడం మనకు అలవాటు. వారిని మార్చడానికి ఆయన (స) ఎంచుకున్న పద్ధతి ఇది.

ఆ పెద్దాయన ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు మార్కెట్టుకు వెళ్తున్నారు. జీతానికి కాదు. చదువు రాని రైతులకు చీటీలో ఏముందో, ఫోనుకు వచ్చిన సందేశంలో ఏ ధర ఉందో మనవడి చేత చదివించి చెబుతున్నారు. ధర నచ్చకపోతే వద్దనవచ్చని కూడా చెబుతున్నారు. మంచికి దారి చూపినవాడికి ఆ మంచి చేసినవాడితో సమానమైన పుణ్యం ఉంటుందని హదీసు. ఆ హదీసులో 'దారి చూపడం' అన్న అర్థానికి వచ్చిన అరబీ క్రియ, దల్లాల్ అన్న మాట ఒకే ధాతువు నుంచి పుట్టినవే. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

మొన్న కలిసినప్పుడు, "నా లెక్క తీరినట్లేనా మౌలానా?" అని అడిగారు. తీరిందని నేను చెప్పలేదు. చెప్పే అధికారం నాకు లేదు. ఇంకా దొరకని రైతులు ఎందరో ఉన్నారు. వారి తరఫున ఆయన నెలనెలా కొంత తీసి పెడుతున్నారు. ఆయన చేయగలిగింది చేస్తున్నారు, అల్లాహ్ అపారంగా క్షమించేవాడు అని మాత్రం చెప్పాను.

సోదర సోదరీమణులారా! మనలో వేలం పాట పాడినవారు కొందరే. కానీ ఎదుటివాడు ఆలోచించుకునేలోగా "మూడోసారి" అనేయని వారు ఎందరు? ఇంటి అద్దె పెంచేటప్పుడు, పెళ్ళి సంబంధంలో కట్నం మాట తేల్చేటప్పుడు, అన్నదమ్ముల ఆస్తిలో ఆడబిడ్డ వాటా అడగకముందే పంపకం ముగించేటప్పుడు, ఎదుటివారి మౌనాన్ని సమ్మతంగా రాసుకోవడం మన ఇళ్ళలో జరుగుతూనే ఉంది. ఈ రోజు ఇంటికి వెళ్ళి ఆ చెల్లెలిని మరొక్కసారి అడగండి: "నీకు ఇష్టమేనా అమ్మా?" అని. అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి.

మన మాటల్లో, మన మౌనంలో దాసుల హక్కులను కాపాడే దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మనం తెలిసీ తెలియక కాజేసిన హక్కులను ఈ లోకంలోనే తీర్చుకునే భాగ్యం కలిగించుగాక! ఆమీన్.